జనగణన, రాకపోకల గణాంకాలను ప్రాంతీయ రవాణా ప్రణాళికలో వాడుకోవడం ఎలా?

ప్రాంతీయ రవాణా ప్రణాళిక పనిలోకి కొత్తగా వచ్చినవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. ఒకే ప్రాంతానికి, ఇంచుమించు ఒకే కాలానికి సంబంధించిన రెండు ప్రభుత్వ పట్టికలను తెరిచి చూస్తే, ఇంటి నుంచి పనికి వెళ్లేవారి సంఖ్య ఒకదానిలో ఒకలా, మరోదానిలో మరోలా కనిపిస్తుంది. వీటిలో దేనిని నమ్మాలి? రెండూ సరైనవే అయి ఉండవచ్చు, ఎందుకంటే అవి రెండూ ఒకే విషయాన్ని లెక్కించడం లేదు. ఆ తేడాను ముందే తెలుసుకుని పనిచేసేవారికి ఈ గణాంకాలు ఎంతగానో ఉపయోగపడతాయి. తెలుసుకోకుండా రెండింటినీ కలిపేసినవారు మాత్రం లేని ప్రయాణికుల కోసం రోడ్డు వేయమనీ, ఉన్న ప్రయాణికులకు బస్సు అక్కర్లేదనీ సిఫారసు చేసే ప్రమాదం ఉంది.

ఈ వ్యాసంలో ఆ పనిని మొదటి నుంచి చివరిదాకా వరుసగా చెబుతాను. పద్ధతి ఏ దేశానికైనా వర్తిస్తుంది. ఉదాహరణలు మాత్రం ఎక్కువగా అమెరికా గణాంకాల నుంచి తీసుకున్నాను, ఎందుకంటే చిన్న ప్రాంతాల స్థాయి వరకు రెండు వేర్వేరు ఆధారాలు అక్కడ అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- మూడు రకాల పట్టికలు: పనిచేసేవారిని నివాస స్థలాన్ని బట్టి లెక్కించినది, పని స్థలాన్ని బట్టి లెక్కించినది, ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంతమంది వెళ్తున్నారో చూపే ప్రవాహ పట్టిక.
- ఆ గణాంకాలను సేకరించిన ప్రశ్నాపత్రం, నిర్వచనాల పత్రం. వీటిని డౌన్‌లోడ్ చేసి పట్టికలున్న ఫోల్డర్‌లోనే ఉంచుకోండి.
- పట్టికలు ఏ సంవత్సరపు సరిహద్దులపై తయారయ్యాయో ఆ సంవత్సరపు మ్యాప్ ఫైళ్లు.
- ఈ గణాంకాలతో సంబంధం లేని స్వతంత్ర ఆధారం కనీసం ఒకటి. రోడ్లపై వాహనాల లెక్కింపు, బస్సు, రైలు ప్రయాణికుల లెక్కలు, గృహ ప్రయాణ సర్వే వంటివి ఇందుకు పనికొస్తాయి.
- కౌంటీ లేదా జిల్లా స్థాయి పనికి స్ప్రెడ్‌షీట్ చాలు. అంతకన్నా చిన్న ప్రాంతాలైతే వరుసలు లక్షల్లో ఉంటాయి కాబట్టి ఆర్ గాని పైథాన్ గాని, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష వాడండి. మ్యాపులకు క్యూజీఐఎస్ సరిపోతుంది.

1. మీరు జవాబు చెప్పవలసిన ప్రశ్నను ఒక వాక్యంలో రాసుకోండి

"ఈ రెండు పట్టణాల మధ్య ఉదయం బస్సు నడిపితే ఎక్కేవారు ఎంతమంది ఉండవచ్చు?" అన్నది ఒక ప్రశ్న. "మన ప్రాంతానికి బయటి నుంచి రోజూ వచ్చే ఉద్యోగులు ఏ దిక్కు నుంచి ఎక్కువగా వస్తున్నారు?" అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి ప్రయాణ సాధనం, బయలుదేరే సమయం తెలియాలి. రెండోదానికి ప్రవాహ పట్టిక ఒక్కటే చాలు. ఈ వాక్యం రాసుకోకుండా డౌన్‌లోడ్ మొదలుపెడితే, చేతికి దొరికిన పట్టికకు తగినట్టుగా ప్రశ్నే మారిపోతుంది.

2. పట్టిక కన్నా ముందు ప్రశ్నాపత్రం చదవండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

అమెరికన్ కమ్యూనిటీ సర్వే, అంటే ఏసీఎస్, "గత వారం మీరు సాధారణంగా పనికి ఎలా వెళ్లారు?" అని అడుగుతుంది. ఈ వాక్యంలో ప్రతి మాటకూ పర్యవసానం ఉంది. "గత వారం" అన్నందువల్ల ఆ వారం సెలవులో ఉన్నవారు ఈ పట్టికల్లోకి రారు. కాబట్టి ఇందులోని సంఖ్య ఆ ప్రాంతంలో ఉద్యోగం ఉన్నవారి మొత్తం సంఖ్య కన్నా తక్కువగా ఉంటుంది. "సాధారణంగా" అన్నందువల్ల వారంలో మూడు రోజులు కార్యాలయానికి వెళ్లి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసే వ్యక్తి ఐదు రోజులూ కార్యాలయానికి వెళ్లినట్టే నమోదవుతాడు. రెండు రోజులు వెళ్లి మూడు రోజులు ఇంట్లో పనిచేసేవాడు అసలు ప్రయాణమే చేయనివాడిగా నమోదవుతాడు. "ఎలా" అన్నదానికి ఒకే జవాబు గుర్తించాలి, అదీ ఎక్కువ దూరానికి వాడిన సాధనాన్నే. అందుచేత ఇంటి నుంచి స్టేషన్ దాకా కారులో వెళ్లి, అక్కడ కారు ఆపి రైలెక్కే వ్యక్తి రైలు ప్రయాణికుడిగా మాత్రమే కనిపిస్తాడు. స్టేషన్ దగ్గర పార్కింగ్ ఎంత కావాలో ఈ పట్టిక నుంచి తేల్చలేరు.

ఇదే పరిశీలన ప్రతి దేశపు గణాంకాలకూ చేయాలి. భారతదేశపు 2011 జనగణనలో ఇంటి నుంచి పని స్థలానికి ఉన్న దూరాన్ని, ప్రయాణ సాధనాన్ని అడిగారు. ఆ వివరాలు బి-28 పట్టికలో ఉన్నాయి. అయితే ఆ ప్రశ్న "ఇతర పనివారు" అనే వర్గానికే పరిమితం. సాగుదారులు, వ్యవసాయ కూలీలు, గృహ పరిశ్రమల్లో పనిచేసేవారు అందులో లేరు. పని స్థలం ఏ ఊళ్లో ఉందో ఆ పట్టికలో ఉండదు కాబట్టి దాని నుంచి ఎక్కడి నుంచి ఎక్కడికి అనే ప్రవాహాన్ని నేరుగా తీయలేరు. ఏ జిల్లాలో ఎంతమంది ఎంత దూరం, దేనిమీద వెళ్తున్నారో మాత్రం తెలుస్తుంది. దూరాల పంపిణీని సరిచూసుకోవడానికి అది బాగా పనికొస్తుంది, అంతకు మించి దానిమీద భారం వేయకండి.

ఇంకొక జాగ్రత్త. పనికి వెళ్లే ప్రయాణాన్ని మాత్రమే అడిగిన సర్వేలో బడికి, కళాశాలకు, ఆసుపత్రికి, సరుకులకు చేసే ప్రయాణాలు ఉండవు. స్కాట్లండ్ జనగణన చదువుకు వెళ్లే ప్రయాణాన్ని కూడా అడుగుతుంది, ఏసీఎస్ అడగదు. విశ్వవిద్యాలయం ఉన్న ఊరికి బస్సు మార్గం ఆలోచిస్తున్నప్పుడు ఈ తేడా ఫలితాన్ని పూర్తిగా మార్చేస్తుంది.

3. ఆధారాన్ని ఎంచుకోండి, దాని పరిమితిని పక్కనే రాయండి

అమెరికాలో మీ ముందున్నవి ప్రధానంగా మూడు.

మొదటిది ఏసీఎస్. 2000 జనగణన వరకు సుమారు ప్రతి ఆరు ఇళ్లలో ఒక ఇంటికి వెళ్లిన లాంగ్ ఫారం అనే వివరమైన ప్రశ్నాపత్రం స్థానంలో, 2005 నుంచి పూర్తి స్థాయిలో ఏటా జరుగుతున్న నమూనా సర్వే ఇది. ఏడాదికి దాదాపు 35 లక్షల చిరునామాలను ఎంచుకుంటారు. 65,000 అంతకు మించి జనాభా ఉన్న ప్రాంతాలకు ఏటా ప్రామాణిక అంచనాలు వస్తాయి. చిన్న ప్రాంతాలకు ఐదేళ్ల సమాచారాన్ని కలిపిన అంచనాలే వాడాలి. ప్రయాణ సాధనానికి బి 08301, ప్రయాణ సమయానికి బి 08303 పట్టికలు తెరవండి.

రెండోది సీటీపీపీ, అంటే సెన్సస్ ట్రాన్స్‌పోర్టేషన్ ప్లానింగ్ ప్రోడక్ట్స్. ఇది వేరే సర్వే కాదు. ఏసీఎస్ సమాచారాన్నే రవాణా ప్రణాళికకు కావలసినట్టుగా నివాసం, పని స్థలం, ప్రవాహం అనే మూడు భాగాలుగా పట్టిక వేసినది. కాబట్టి ఏసీఎస్ అంకెను సీటీపీపీతో పోల్చి "రెండూ కలిశాయి, లెక్క సరైనదే" అనుకోవడం తప్పు, ఎందుకంటే రెండింటి మూలం ఒక్కటే.

మూడోది లోడ్స్, అంటే ఎల్ఈహెచ్‌డీ ఒరిజిన్-డెస్టినేషన్ ఎంప్లాయ్‌మెంట్ స్టాటిస్టిక్స్. ఇది సర్వే కాదు. నిరుద్యోగ బీమా కోసం యజమానులు దాఖలు చేసే వేతన రికార్డులను, నివాస చిరునామాలున్న ఇతర ప్రభుత్వ రికార్డులతో జోడించి తయారుచేసినది. జనగణనలో అతి చిన్న ప్రాంతమైన సెన్సస్ బ్లాక్ స్థాయి వరకు ఏటా వస్తుంది. నమూనా లోపం ఇందులో ఉండదు కానీ, వ్యక్తుల గోప్యత కాపాడడానికి అంకెలను కావాలనే కొంత మారుస్తారు. స్వయం ఉపాధి పొందేవారు ఇందులో రారు. ప్రయాణ సాధనం, బయలుదేరే సమయం అసలే ఉండవు. ఉద్యోగి రోజూ ఇంటి నుంచి అక్కడికి వెళ్తున్నాడని కూడా ఇది చెప్పదు. అతని ఇల్లు ఫలానా చోట, ఉద్యోగం ఫలానా చోట నమోదై ఉన్నాయని మాత్రమే చెబుతుంది.

ఎంపికకు నేను పాటించే పద్ధతి ఇది. సాధనం, సమయం కావాలంటే ఏసీఎస్ లేదా సీటీపీపీ. చిన్న ప్రాంతాల స్థాయిలో ఉద్యోగాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏటేటా ఎలా మారుతున్నాయో కావాలంటే లోడ్స్. మొత్తం జనాభా లెక్క కావాలంటే పదేళ్లకోసారి జరిగే జనగణన. ఏసీఎస్ లక్షణాలను తెలిపే సర్వే, తల లెక్కకు దాన్ని వాడకండి.

4. కాలాన్ని నిర్ణయించుకోండి

ఐదేళ్ల అంచనా అంటే ఆ ఐదేళ్లలో మధ్య సంవత్సరపు విలువ కాదు, మొత్తం కాలానికి సగటు. 2017–2021 అంచనాలో కోవిడ్‌కు ముందటి మూడేళ్లు, తరువాతి రెండేళ్లు కలిసిపోయి ఉన్నాయి. ఏసీఎస్ ప్రకారం ఇంటి నుంచి పనిచేసేవారి వాటా 2019లో 5.7 శాతం ఉండగా 2021లో 17.9 శాతానికి చేరింది. సగటు ప్రయాణ సమయం అదే కాలంలో 27.6 నిమిషాల నుంచి 25.6 నిమిషాలకు తగ్గింది. ఇంత మార్పును మధ్యలో మోస్తున్న సగటు, ముందు పరిస్థితినీ చూపదు, తరువాతి పరిస్థితినీ చూపదు. అందుచేత పెద్ద ప్రాంతాలకు ఒక సంవత్సరపు అంచనాలను పక్కన పెట్టుకుని చదవండి. 2020 ఒక సంవత్సరపు అంచనాలను సెన్సస్ బ్యూరో ప్రయోగాత్మకమైనవిగానే విడుదల చేసింది కాబట్టి వాటిని ఇతర సంవత్సరాల వరుసలో చేర్చకండి.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 జనగణన మార్చి 21న, కోవిడ్ ఆంక్షలు అమల్లో ఉండగానే జరిగింది. అక్కడి రాకపోకల అంకెలను మామూలు రోజుల ప్రయాణంగా తీసుకుంటే రైలు, బస్సుల వాడకం ఉన్నదానికన్నా చాలా తక్కువగా కనిపిస్తుంది. అలాంటప్పుడు 2011 ప్రవాహాల ఆకృతిని ఉంచుకుని, మొత్తాలను కొత్త ఆధారాలతో సరిచేయడం ఒక ప్రత్యామ్నాయం. ఆ పద్ధతి తొమ్మిదో మెట్టులో ఉంది.

రెండు కాలాలను పోల్చవలసి వస్తే, ఒకదానిపై ఒకటి పడని ఐదేళ్ల అంచనాలనే తీసుకోండి. 2012–2016ను 2017–2021తో పోల్చవచ్చు. 2016–2020ను 2017–2021తో పోల్చితే నాలుగేళ్ల సమాచారం రెండింటిలోనూ ఉంటుంది కాబట్టి ఆ తేడాకు అర్థం లేదు.

5. ఫైళ్లను దించుకుని కోడ్‌లను కాపాడండి

ప్రాంతాల కోడ్‌లు చూడటానికి అంకెల్లా ఉన్నా అవి పేర్లే. కాలిఫోర్నియా రాష్ట్రపు కోడ్ 06. ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో రెండుసార్లు క్లిక్ చేసి తెరిస్తే ముందున్న సున్నా ఎగిరిపోయి 6 మిగులుతుంది, 15 అంకెలు ఉండవలసిన బ్లాక్ కోడ్ 14 అంకెలవుతుంది. మ్యాప్‌తో కలిపేటప్పుడు ఆ వరుసలు జత కుదరక రాలిపోతాయి, ఏ హెచ్చరికా రాదు. కోడ్ ఉన్న నిలువు వరుసలను తెరిచేటప్పుడే పాఠ్యంగా చదివించండి, తరువాత ప్రతి కోడ్ పొడవు ఒకటేనా అని చూడండి. నేను సరిచూసిన ఒక పట్టికలో సున్నా పోయిన రాష్ట్రపు వరుసలన్నీ మాయమైనా, మిగిలిన రాష్ట్రాల మ్యాప్ నిండుగా కనిపించడంతో చాలాకాలం ఎవరూ గమనించలేదు. కలపడానికి ముందు, తరువాత వరుసల సంఖ్యనూ మొత్తాన్నీ రాసుకుని ఉంటే ఆ లోపం మొదటి రోజే బయటపడేది.

లోడ్స్‌లో మరో రెండు జాగ్రత్తలు అవసరం. రాష్ట్రాల వారీ ప్రవాహ ఫైళ్లు "మెయిన్", "ఆక్స్" అని రెండు ఉంటాయి. ఇల్లు, పని రెండూ ఆ రాష్ట్రంలోనే ఉన్నవారు మొదటిదానిలో, పని అక్కడ ఉండి ఇల్లు వేరే రాష్ట్రంలో ఉన్నవారు రెండోదానిలో ఉంటారు. వాషింగ్టన్ డీసీలో పనిచేసేవారిలో సగానికి పైగా మేరీలాండ్, వర్జీనియా వంటి చోట్ల నివసిస్తారు. అక్కడ ఆక్స్ ఫైలును మరిచిపోతే నగరంలోకి రోజూ వచ్చే పెద్ద ప్రవాహమే పట్టికలో ఉండదు. అలాగే "జేటీ 00" అన్నది మొత్తం ఉద్యోగాలను, "జేటీ 01" అన్నది ఒక్కో వ్యక్తికి ప్రధాన ఉద్యోగాన్ని మాత్రమే చూపుతుంది. మనుషులను లెక్కించే ఏసీఎస్‌తో పోల్చాలంటే రెండోదే తీసుకోండి.

6. సరిహద్దులు ఒకే సంవత్సరానివేనా చూడండి

లోడ్స్ ఏడో వెర్షన్ 2010 బ్లాకులపై, ఎనిమిదో వెర్షన్ 2020 బ్లాకులపై తయారైంది. ఈ రెండింటినీ నేరుగా కలపకూడదు. 2022 ఏసీఎస్ నుంచి కనెటికట్‌లో పాత 8 కౌంటీల స్థానంలో 9 ప్లానింగ్ రీజియన్లు వచ్చాయి కాబట్టి ఆ రాష్ట్రానికి పాత కౌంటీ అంకెలతో పోలిక కుదరదు. పాత ప్రాంతాలను కొత్తవాటికి మార్చవలసి వస్తే సెన్సస్ బ్యూరో ఇచ్చే అనుసంధాన ఫైళ్లు వాడండి. విస్తీర్ణం నిష్పత్తిలో పంచడం ఆఖరి మార్గం. ఒకవైపు చెరువు, మరోవైపు అపార్ట్‌మెంట్లు ఉన్న ట్రాక్ట్‌ను, అంటే అనేక బ్లాకులు కలిసిన జనగణన ప్రాంతాన్ని, విస్తీర్ణం ప్రకారం పంచితే చెరువులోనూ ఉద్యోగులు తేలుతారు.

7. ప్రతి అంచనా పక్కనా లోప పరిమితిని ఉంచండి

ఏసీఎస్ ప్రతి అంచనాతోపాటు మార్జిన్ ఆఫ్ ఎర్రర్ అనే లోప పరిమితిని 90 శాతం విశ్వాస స్థాయిలో ప్రచురిస్తుంది. దాన్ని 1.645తో భాగిస్తే ప్రామాణిక దోషం వస్తుంది. ప్రామాణిక దోషాన్ని అంచనాతో భాగిస్తే ఆ అంకె ఎంత నమ్మదగినదో శాతంలో తెలుస్తుంది; ఈ శాతం ఎంత తక్కువైతే అంత నమ్మకం.

లెక్కను దగ్గరగా చూద్దాం. ఒక ట్రాక్ట్ నుంచి మరో ట్రాక్ట్‌కు వెళ్లేవారు 120 అనీ, లోప పరిమితి 85 అనీ అనుకోండి. ఇవి నేను ఉదాహరణకు తీసుకున్న అంకెలు. ప్రామాణిక దోషం 85ను 1.645తో భాగించగా సుమారు 51.7. దాన్ని 120తో భాగిస్తే 43 శాతం. నిజమైన సంఖ్య 35 నుంచి 205 వరకు ఎక్కడైనా ఉండవచ్చన్నమాట. బస్సు వేయాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఇలాంటి అంకెపై నిలబెట్టలేరు.

ఇప్పుడు అదే గమ్యానికి వెళ్లే నాలుగు పక్కపక్క ట్రాక్ట్‌లను కలపండి. అంచనాలు 120, 95, 60, 45, మొత్తం 320. లోప పరిమితులు 85, 70, 55, 50. లోప పరిమితులను నేరుగా కూడకూడదు, వాటి వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. 7,225, 4,900, 3,025, 2,500 కలిపితే 17,650, దాని వర్గమూలం సుమారు 133. ప్రామాణిక దోషం సుమారు 81, అంటే 320లో 25 శాతం. నాలుగు ట్రాక్ట్‌లు కలపగానే 43 శాతం ఉన్న అనిశ్చితి 25కు దిగింది. ఇంకా కలిపితే ఇంకా దిగుతుంది. చిన్న ప్రాంతాల ప్రవాహాలను చూసేటప్పుడు వివరం ఎక్కువైనకొద్దీ నమ్మకం తగ్గుతుందని గుర్తుంచుకుని, మీ ప్రశ్నకు ఎంత వివరం అవసరమో అంత దగ్గరే ఆగండి.

హద్దు ఎక్కడ పెట్టుకోవాలన్నది మీ పనిని బట్టి ఉంటుంది. నేను 15 శాతం లోపు ఉన్నవాటిని ధైర్యంగా వాడతాను, 30 దాటినవాటిని ఒంటరిగా ఎన్నడూ చూపను, మధ్యలోవాటిని హెచ్చరికతో చూపుతాను.

సున్నా అంచనాలతో జాగ్రత్త. నమూనాలో ఎవరూ దొరకలేదంటే అక్కడ ఎవరూ లేరని కాదు. సున్నాలున్న అనేక గడులను కలిపేటప్పుడు వాటన్నిటి లోప పరిమితులనూ లెక్కలోకి తీసుకుంటే దోషం అనవసరంగా పెరిగిపోతుంది కాబట్టి, వాటిలో పెద్దదాన్ని ఒక్కసారి మాత్రమే తీసుకోవడం ఆచారం.

రెండు కాలాల అంచనాలను పోల్చేటప్పుడు వాటి తేడాను, రెండు ప్రామాణిక దోషాల వర్గాల మొత్తానికి వర్గమూలంతో భాగించండి. ఫలితం గుర్తుతో సంబంధం లేకుండా 1.645 దాటకపోతే, "పెరిగింది", "తగ్గింది" అన్న మాటలు నివేదికలో రాయకండి.

8. రెండు ఆధారాలను పక్కపక్కన పెట్టండి

కౌంటీ స్థాయిలో ఏసీఎస్ ప్రవాహాలను ఒక నిలువు వరుసలో, లోడ్స్ ప్రవాహాలను మరో వరుసలో పెట్టి, నిష్పత్తిని మూడో వరుసలో రాయండి. నిష్పత్తి అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే ఉంటే నిర్వచనాల తేడాయే కారణం. ఇంటి ప్రాంతం, పని ప్రాంతం కలిసిన కొన్ని జంటల్లో మాత్రమే విపరీతంగా ఉంటే కారణాన్ని వెతకాలి.

ఎక్కువసార్లు దొరికే కారణం ప్రధాన కార్యాలయం. అనేక శాఖలున్న సంస్థ తన ఉద్యోగులందరినీ ఒకే చిరునామా కింద చూపితే, వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న శాఖలో పనిచేసే వ్యక్తి రోజూ రాజధానికి వస్తున్నట్టు లోడ్స్‌లో కనిపిస్తాడు. పాఠశాలల వ్యవస్థలు, ప్రభుత్వ శాఖలు, గొలుసు దుకాణాలు, తాత్కాలిక సిబ్బందిని సమకూర్చే సంస్థలు ఉన్న బ్లాకులను ముందుగా చూడండి. ఒకే బ్లాకులో వేలాది ఉద్యోగాలు కనిపిస్తే ఉపగ్రహ చిత్రంలో ఆ భవనాన్ని చూడండి. రెండంతస్తుల భవనంలో ఐదువేల మంది కూర్చోలేరు.

ఇలాంటి దూరపు జంటలను తొలగించాలా? నేను తొలగించను. రోజూ వెళ్లి రాగలిగే దూరానికి ఒక హద్దు పెట్టుకుని, దాన్ని దాటినవాటిని "దూర జంటలు" అని వేరే వర్గంలో పెడతాను. చెప్పకుండా తీసేస్తే మొత్తం కలవదు, దగ్గరి ప్రాంతాలకు పంచేస్తే లేని ప్రవాహాన్ని మనమే సృష్టించినట్టవుతుంది.

9. పాత ప్రవాహాలను కొత్త మొత్తాలకు సరిపెట్టండి

ప్రవాహ పట్టిక పాతదై, నివాసం వైపు, పని స్థలం వైపు కొత్త మొత్తాలు మాత్రమే దొరికినప్పుడు వాడే పద్ధతిని ఫర్నెస్ పద్ధతి అంటారు. గణాంక శాస్త్రంలో దీన్నే అంచెలంచెలుగా అనుపాతం సరిపెట్టడం అంటారు.

రెండు నివాస ప్రాంతాలు అ, ఆ. రెండు పని ప్రాంతాలు క, గ. పాత ప్రవాహాలు: అ నుంచి కకు 400, గకు 100. ఆ నుంచి కకు 200, గకు 300. కొత్త లెక్కల ప్రకారం అ, ఆ రెండింటిలోనూ 600 మంది చొప్పున పనిచేసేవారున్నారు. కలో 660, గలో 540 ఉద్యోగాలున్నాయి. ముందుగా రెండు వైపులా మొత్తం 1,200 అవుతోందో లేదో చూడండి. కాకపోతే ఈ పద్ధతి ఎన్నిసార్లు తిప్పినా కుదురుకోదు.

అడ్డు వరుసలను 600కు చేర్చడానికి ప్రతి గడినీ 1.2తో గుణిస్తే 480, 120, 240, 360 వస్తాయి. ఇప్పుడు నిలువుగా క మొత్తం 720, గ మొత్తం 480. వీటిని 660, 540కు చేర్చితే 440, 135, 220, 405. ఈసారి అడ్డు వరుసలు 575, 625 అయ్యాయి. మళ్లీ అడ్డంగా సరిచేస్తే సుమారు 459, 141, 211, 389. నిలువు మొత్తాలు 670, 530. తేడాలు తగ్గుతున్నాయి. అన్ని మొత్తాలూ లక్ష్యానికి ఒక శాతం లోపు వచ్చేవరకు తిప్పండి.

పాత పట్టికలో సున్నా ఉన్న గడి చివరిదాకా సున్నాగానే ఉంటుందని గమనించండి. పాత సర్వే తరువాత కట్టిన పారిశ్రామిక వాడకు ఒక్కరూ వెళ్లనట్టే ఫలితం వస్తుంది. అలాంటి గడుల్లో దూరాన్ని, ఉద్యోగాల సంఖ్యను బట్టి గ్రావిటీ మోడల్‌తో చిన్న విలువను నాటి, ఆ తరువాత సరిపెట్టండి.

10. ఉద్యోగుల సంఖ్యను ప్రయాణాలుగా మార్చండి

వేయిమంది ఉద్యోగులంటే రోజుకు రెండువేల ప్రయాణాలు కావు. కొందరు ఆరోజు సెలవులో ఉంటారు, కొందరు ఇంటి నుంచి పనిచేస్తారు, కొందరు పిల్లల్ని బడిలో దించి వెళ్తారు. చివరి సందర్భంలో ఇంటి నుంచి పనికి అనే ఒక ప్రయాణం రెండుగా విడిపోతుంది, వాటిలో ఏదీ ఇంటి నుంచి నేరుగా పనికి వెళ్లినది కాదు. అందుచేత గుణకం రెండు కన్నా తక్కువ. అది ఎంతో మీ ప్రాంతపు గృహ ప్రయాణ సర్వే నుంచి తీసుకోండి, వేరే నగరపు నివేదికలోని గుణకాన్ని అరువు తెచ్చుకోకండి.

ప్రవాహ పట్టిక ఇంటి నుంచి పనికి ఒకే దిశలో ఉంటుంది. ఉదయపు రద్దీకి దాన్ని నేరుగా వాడవచ్చు. రోజు మొత్తానికైతే దాన్ని తిరగేసిన పట్టికతో కలిపి, సాయంత్రపు తిరుగు ప్రయాణాన్ని కూడా చేర్చాలి.

ఫలితాలను సరిచూసుకోవడం

మొత్తాలతో మొదలుపెట్టండి. ప్రవాహ పట్టికలోని అడ్డు వరుసల మొత్తం నివాస పట్టికతోనూ, నిలువు వరుసల మొత్తం పని స్థలాల పట్టికతోనూ కలవాలి. మీ ప్రాంతం బయటి నుంచి వచ్చేవారు, బయటికి వెళ్లేవారు ప్రత్యేక వరుసల్లో లేకపోతే ఈ మొత్తాలు ఎన్నటికీ కలవవు.

తరువాత దూరాల పంపిణీని గీయండి. దగ్గరి దూరాల్లో ఎత్తుగా ఉండి క్రమంగా వాలే రేఖ రావాలి. దూరంలో ఎక్కడైనా ఒంటరిగా గూడు కట్టినట్టు లేచి ఉంటే అది ఎనిమిదో మెట్టులో చెప్పిన ప్రధాన కార్యాలయం సమస్యే కావచ్చు. ప్రయాణ సమయాల పంపిణీలో 15, 30, 45 నిమిషాల దగ్గర కనిపించే ఎత్తులు మాత్రం లోపం కాదు, జనం సమయాన్ని గుండ్రంగా చెబుతారు. ఆ ఎత్తులకు మోడల్‌ను సరిపెట్టాలని చూడకండి, సమయాన్ని వెడల్పైన శ్రేణులుగా చేసుకుని పోల్చండి.

ఆపైన స్వతంత్ర ఆధారం. ప్రాంతం మధ్యగా పారే నది గాని, రైలు పట్టాలు గాని ఉంటే దాన్ని గీతగా తీసుకుని, దాన్ని దాటే వంతెనలన్నిటిపై ఉదయపు వాహనాల లెక్కను మీ పట్టిక చెప్పే దాటింపులతో పోల్చండి. మీ సంఖ్య లెక్కింపు కన్నా తక్కువగా ఉండటం సహజం, ఎందుకంటే వంతెనపై సరుకుల లారీలు, బడికి వెళ్లేవారు, దారిన పోయేవారు కూడా ఉంటారు. మీ పట్టికలోని ఉద్యోగులు వంతెనపై లెక్కించిన వాహనాల్లో పట్టగలిగిన మనుషుల కన్నా ఎక్కువైతే మాత్రం మీ పనిలో ఎక్కడో తప్పుంది. ఎక్కువసార్లు అది ఇంటి నుంచి పనిచేసేవారిని తీసివేయకపోవడమో, పదో మెట్టులోని గుణకమో అవుతుంది.

చివరిగా, పెద్ద ప్రవాహాల్లో నుంచి ఇరవై జంటలను మ్యాప్‌పై గీసి, ఆ ప్రాంతంలో బస్సులు నడిపేవారికో, అక్కడ చాలాకాలంగా నివసిస్తున్నవారికో చూపించండి. "ఇక్కడి నుంచి అక్కడికి ఇంతమంది ఎందుకు వెళ్తారు?" అని వారు ఆగి అడిగిన ప్రతి గీతనూ మూల ఫైలులోని వరుస దాకా వెనక్కి తీసుకెళ్లి చూడండి. పట్టిక కింద ఏ ఆధారం, ఏ సంవత్సరాలు, ఏ సరిహద్దులు, ఉద్యోగాలా మనుషులా, దూర జంటలను ఏం చేశారు, లోప పరిమితి ఎంత అన్న ఆరు విషయాలను రాయండి. మీ పక్క బల్లపై ఉన్నవారు ఆ ఆరు విషయాలతో, మీ సాయం లేకుండా, మూల ఫైళ్ల నుంచి ఒక గడిలోని అంకెను తిరిగి రాబట్టగలిగితే ఆ పట్టికను పంపవచ్చు.